పొరుగువాని భాష, మన చేతిలోని ఫోను

బహదూర్‌పురా చౌరస్తా నుండి జూపార్కు వైపు నడిచి చూడండి. దుకాణాల బోర్డుల మీద ఒక ప్రక్క తెలుగు, మరొక ప్రక్క కుడి నుండి ఎడమకు సాగే ఉర్దూ కనిపిస్తాయి. మన విశ్వాసులలో అనేకులు ఉర్దూ మాట వింటే గ్రహిస్తారు, బజారులో బేరము కూడా చేస్తారు. కాని ఆ బోర్డు మీది నాలుగు అక్షరాలు చదవమంటే చదువలేరు. అటు ఉర్దూ కుటుంబాలలోని తల్లులలో అనేకులకు కరెంటు ఆఫీసు నుండి వచ్చిన తెలుగు కాగితము కొరుకుడు పడదు. ఒకే గోడకు అటు ఇటు ఏండ్ల తరబడి కాపురమున్నవారము ఒకరి అక్షరము ఒకరికి తెలియకుండానే బ్రతుకుచున్నాము.

2011 జనాభా లెక్కలలో హైదరాబాదు జిల్లాలో తెలుగు మాతృభాషగా గలవారు, ఉర్దూ మాతృభాషగా గలవారు దాదాపు సరిసమానముగా, నూటికి 43 మంది చొప్పున ఉన్నారు. రాష్ట్రమంతటిలో చూస్తే ఉర్దూ అల్పసంఖ్యాకుల భాష. పాతబస్తీ గల్లీలలో చూస్తే అనేక చోట్ల తెలుగే అల్పసంఖ్యాకుల భాష. 2017లో శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేసే బిల్లును ఆమోదించింది. 2018లో పాఠశాలలన్నిటిలో తెలుగు బోధనను తప్పనిసరి చేసే చట్టము వచ్చింది. చట్టాలు తమ పని తాము చేస్తాయి. గోడకు అటు ఇటు ఉన్నవారిని మాట్లాడించే పని మాత్రము మనదే.

ఈ రెండు భాషలు ఎన్నడూ పరాయివి కావు. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు 'మల్కిభరాముడు' అని ముద్దుగా పిలుచుకొన్నారు. అచ్చతెనుగు కావ్యాలలో మొదటిదని పేరొందిన పొన్నెగంటి తెలగనార్యుని 'యయాతి చరిత్రము' అంకితమైనది అమీన్‌ఖాన్ అనే ముస్లిం అధికారికి. మన ఇండ్లలో అనుకొనే జవాబు, ఖర్చు, దవాఖాన, వకీలు, పరేషాను అనే మాటలు ఎక్కడి నుండి వచ్చాయి? మన నోట సగము ఉర్దూ ఇదివరకే ఉన్నది. తెలియనిది లిపి, మర్యాద, మనసు విప్పే మాట.

ఇప్పుడు ఆ కొరత తీర్చుకొనే సాధనము ప్రతి ఇంట ఉన్నది. కేంద్ర విద్యాశాఖ 2021లో విడుదల చేసిన 'భాషా సంగమ్' యాప్‌లో రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలకు నూరుకు పైగా నిత్య వ్యవహార వాక్యాలు పొందుపరచారు. వాటిలో ఉర్దూ ఉన్నది, తెలుగు ఉన్నది. ఉర్దూ లిపి నేర్చుకొనగోరువారికి రేఖ్తా ఫౌండేషన్ వారి ఆన్‌లైన్ పాఠాలున్నాయి. ఆ 22లో చోటు లేని భాషల సంగతి కూడా మరువరాదు. 2011 లెక్కలలో దాదాపు 30 లక్షలమంది తమ మాతృభాషగా చెప్పుకొన్న గోండీ ఆ షెడ్యూలులో లేదు. అయినను 2010లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైన 'సీజీనెట్ స్వర'లో గోండులు మామూలు మీటల ఫోను నుండే తమ భాషలో తమ కష్టసుఖాలు చెప్పి రికార్డు చేశారు. కావలసినది ఖరీదైన ఫోను కాదు, వినే చెవి.

అయితే ఫోను నేర్పే ఉర్దూ పుస్తకాల ఉర్దూ. మన గల్లీలో వినిపించేది దక్కనీ. ఫోను 'నహీఁ' అంటే పొరుగింటి పెద్దమ్మ 'నక్కో' అంటుంది. ఫోను 'హాఁ' అంటే ఆమె 'హౌ' అంటుంది. 'కలము' అనవలసినచోట ఇక్కడివారు 'ఖలం' అంటారు. పెద్దవారిని 'ఆప్' అనాలా, 'తుమ్' అనాలా అన్న చోట యంత్రము పొరపడవచ్చు. కాబట్టి అక్షరాలకు ఫోను, మాటకు పొరుగువారు గురువులు కావాలి. వారి ఇంట మరణము సంభవించిన దినమున ఫోనులో అనువాదము వెదకి తెర చూపించలేము గదా! ఆ దినమునకు కావలసిన నాలుగు మాటలు ముందే మన నాలుక మీద ఉండవలెను.

1990 డిసెంబరులో పాతబస్తీ మతకలహాలలో మునిగిన దినాలు పెద్దలకు జ్ఞాపకమే. అటువంటి వేళ వదంతి ఒక్కొక్క ఇంటికి ఆ ఇంటి భాషలోనే చేరుతుంది. 'ఇది నిజమేనా?' అని గోడ అవతలివారిని అడుగగల చనువు లేనప్పుడు వదంతియే సత్యమై కూర్చుంటుంది. ఆ చనువు ఒక్క రాత్రిలో పుట్టదు, దినదినము మాట కలిపినవారికే దొరుకుతుంది.

మనకు చేరువలోనే, ఆరాంఘర్ దాపున శివరాంపల్లిలో, హెన్రీ మార్టిన్ సంస్థ ఉన్నది. 1812లో 31 ఏండ్ల వయసులో మరణించిన హెన్రీ మార్టిన్ క్రొత్త నిబంధనను ఉర్దూలోనికి తెచ్చినవాడు. ఆ పనిలో మీర్జా ఫిత్రత్ అనే ముస్లిం పండితుడు ఆయనకు తోడ్పడ్డాడు. ఆయన పేర 1930లో లాహోరులో ఆరంభమైన సంస్థ 1971లో హైదరాబాదుకు వచ్చింది. ముస్లిములకు సువార్త చెప్పవలెనన్న ఉద్దేశ్యముతో మొదలై, కాలక్రమమున మతముల మధ్య సంభాషణకు, సమాధానపరచు పనికి తిరిగింది. ఆ మార్పులో మనకు పాఠమున్నది. మన లోపల వేరే ఉద్దేశ్యము దాచుకొని పొరుగువాని భాష నేర్చుకొంటే అతడు నాలుగు దినాలలో కనిపెట్టగలడు. అతని మాట వినుటకే నేర్చుకొంటే అదియు కనిపెట్టగలడు.

యెరూషలేములో జనులు పౌలును చంపజూచినప్పుడు ఆయన హెబ్రీ భాషలో మాటలాడగా వారు మరి నిమ్మళించిరని అపొస్తలుల కార్యములలో చదువుచున్నాము. తమ భాష విన్నంతనే వారు ఒప్పుకొనలేదు, అయినను కొంతసేపు విన్నారు. అల్లరి మూకను ఆపుటకు ఆ కొంతసేపే ఎంతో విలువైనది.

కుటుంబముగా ఈ నెలలో ఇలా మొదలుపెట్టండి. రాత్రి భోజనమైన తరువాత పావుగంట ఫోనులో ఉర్దూ అక్షరాలు దిద్దండి. కీబోర్డులో ఉర్దూ చేర్చుకొని, నోటితో చెప్పి టైపు చేయించండి. మీరు పలికినది సరిగా పడినదో లేదో అదే చూపుతుంది. వారము చివర పొరుగింటివారికి వాయిస్ మెసేజి పంపి తప్పులు దిద్దమని అడగండి. బదులుగా వారి పిల్లల తెలుగు హోంవర్కు చూస్తామని చెప్పండి. ఇచ్చి పుచ్చుకొనుటలో ఎవరికిని చిన్నతనము లేదు.

మీ ఉచ్చారణకు వారు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ నవ్వు తరువాత 'చాయ్ తాగి వెళ్లండి' అనే మాట వస్తుంది. ఆ మాట విన్న దినమున ఫోను జేబులో పెట్టి, లోపలికి వెళ్లి కూర్చోండి.