నలుపు తెలుపులలో ప్రేమకథలు

మార్కాపురము పలకలకు పేరొందిన పట్టణము. నల్లని రాతిపలకపై తెల్లని బలపము గీచిన గీత ఎంత స్పష్టముగా కనిపించునో ఈ ప్రాంతమువారికి వేరుగా చెప్పనక్కరలేదు. రంగు లేనంత మాత్రమున అక్షరమునకు లోటు రాదు. పూర్వపు చలనచిత్రములును ఇట్టివే. 1950 మొదలు 1965 వరకు వెలువడిన తెలుగు ప్రణయకథా చిత్రములలో అత్యధిక భాగము నలుపు తెలుపులలోనే తయారైనవి. తెలుగున మొదటి సంపూర్ణ వర్ణచిత్రమైన "లవకుశ" 1963లో గాని రాలేదు. ఇన్ని సంవత్సరములు గడచినను, ఆ పాత చిత్రము టెలివిజనులో వచ్చిన పూట గ్రామములలో పెద్దలు చేతిలోని పని విడిచి కూర్చుండుటయు, పిల్లలు ఒక్కరొక్కరుగా వచ్చి చేరుటయు మనము చూచుచునే యున్నాము. పెద్దలది గతకాలముపై మమకారమని సరిపెట్టుకొనవచ్చును. ఆ కాలమే ఎరుగని పిల్లలు ఏల కూర్చుందురు?

మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతములు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువరకు కర్నూలు జిల్లాలోనివి. "దేవదాసు" విడుదలైనది 1953 జూన్ నెలలో. అదే సంవత్సరము అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రము అవతరించినది. ఆ రోజులలో చిన్న ఊళ్ళకు సినిమా యనగా టూరింగు టాకీసే. ఊరి వెలుపల డేరా, దాని ప్రక్కన ఆయిలు ఇంజను, లోపల ఒకే ఒక ప్రొజెక్టరు. సాయంకాలము మైకులో పాటల రికార్డులు మొదలు కాగానే చుట్టుప్రక్కల పల్లెలలో బండ్లు కట్టెడివారు. వేయి అడుగుల రీలు తెరపై సుమారు 11 నిమిషములు నడచును. రెండువేల అడుగులు ఒక్కటిగా చుట్టినను 22 నిమిషములే. రీలు ముగిసినప్పుడెల్ల దీపము వెలిగి ఆట నిలిచెడిది. నేల టిక్కెట్టువారు ఆ కొద్ది వ్యవధిలోనే కథను గూర్చి తగవులాడుకొనెడివారు. పార్వతి తప్పా, దేవదాసు తప్పా యను వాదము బండి ఇల్లు చేరువరకు సాగెడిది. ఒంటరిగా చూచినదానికిని, ఊరంతయు కలిసి చూచినదానికిని గల భేదము అప్పటివారికి బాగుగా తెలియును.

ఇక ఈ చిత్రముల పనితనమును గూర్చి కొంత తెలిసికొనవలెను. నలుపు తెలుపు ఫిలిము రంగును గ్రహింపదు, వెలుతురు యొక్క హెచ్చుతగ్గులను మాత్రమే గ్రహించును. ఎర్రని చీరయు పచ్చని ఆకులును తెరపై ఇంచుమించు ఒకే బూడిదవన్నెలో కనిపించి ఒకదానిలో ఒకటి కలిసిపోవచ్చును. అందువలన నటీమణిని వెనుకనున్న గోడనుండి, చెట్టునుండి వేరుచేసి చూపు భారమంతయు దీపములపైననే పడినది. ముఖముపై ఒక ముఖ్యదీపము, నీడలను కొంత మెత్తబరచుటకు మరియొకటి, శిరస్సు వెనుకనుండి జుట్టు అంచులను వెలిగించుటకు ఇంకొకటి అమర్చెడివారు. కన్నుల వద్ద వెలుతురు ఎంత పడవలెను, చెక్కిలిపై నీడ ఎంత నిలువవలెను అనునది ఛాయాగ్రాహకుని తూకము. రంగు లేకపోవుటచే ప్రేక్షకుని దృష్టి చీరపైనను, తోటపైనను చెదరక ముఖమునందే నిలుచును. సావిత్రి కనురెప్ప వాల్చిన మాత్రమున డేరా అంతయు నిశ్శబ్దమగుటకు ఆమె ప్రతిభతో పాటు ఈ తూకమును కారణమే.

వాటి ఆకర్షణకు నేను ప్రధానముగా చెప్పదలచిన హేతువు వేరొకటి కలదు. ఆ కథలలో ప్రేమ మాటలలో తక్కువగాను, మౌనములో ఎక్కువగాను కనిపించును. ప్రేమికుల నడుమ ఎప్పుడును ఏదో ఒక అడ్డు ఉండును. ఆ అడ్డు ఎట్లు తొలగునో యని చూచువాని మనస్సు తహతహలాడును. చూపనిదానిని ప్రేక్షకుడే పూరించుకొనవలెను. తాను పూరించుకొన్నదానిని మానవుడు సులభముగా మరువడు.

1951లో వచ్చిన "మల్లీశ్వరి"ని తీసికొందము. దర్శకులు బి. ఎన్. రెడ్డిగారు కడప జిల్లా పులివెందుల ప్రాంతమువారు. కథానాయిక భానుమతి ఒంగోలుకు సమీపముననున్న దొడ్డవరములో 1925లో జన్మించినది. కథ శ్రీకృష్ణదేవరాయల కాలమునాటిది. పల్లెలో కలసి పెరిగిన బావామరదళ్ళు నాగరాజు, మల్లి. వాన కురిసిన రాత్రి మారువేషములో వచ్చిన రాయలు, పెద్దన మల్లి నాట్యమును చూతురు. వారెవరో ఎరుగని నాగరాజు, మల్లికి పల్లకి పంపించుడని పరిహాసముగా అనును. అతడు ధనము సంపాదించుటకు ఊరు విడిచిన తరువాత ఆ పల్లకి నిజముగానే వచ్చును. రాణివాసములో అడుగుపెట్టినవారికి మరల వెలుపలికి దారి లేదు. పరిహాసమునకు అన్న ఒక్క మాట ఇద్దరి జీవితములను చెరచుట ఈ కథలోని కీలకము. ఇందులో దుర్మార్గుడు లేడు, రాయలవారు కూడ దయాళువే. దుర్మార్గుడు లేకయే ఇంత దుఃఖమును చూపగలుగుట సామాన్యమైన పని కాదు. మాటలును పాటలును దేవులపల్లి కృష్ణశాస్త్రిగారివి, సంగీతము సాలూరు రాజేశ్వరరావుగారిది.

కంభము వారు ఈ చిత్రమును చూచునప్పుడు మరియొక కథ స్ఫురింపక మానదు. గుండ్లకమ్మకు అడ్డముగా కొండల నడుమ కట్టిన కంభము చెరువును రాయలవారి రాణియైన గజపతి రాజపుత్రి కట్టించినదని ప్రతీతి. ఆమె పేరును ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా చెప్పుదురు. భర్త ఆదరణకు నోచక ఆమె కంభములో ఏకాంతముగా కాలము గడపెననియు, తుమ్మెద తనను గుర్తింపలేదని పువ్వు వగచు రీతిని ఐదు సంస్కృత శ్లోకములు చెప్పెననియు పెద్దలు చెప్పుకొందురు. తుక్కాపంచకమనునది ఆ శ్లోకములకే పేరు. చిత్రములోని మల్లి రాణివాసమునుండి బయటపడగోరినది. ఇక్కడి ఐతిహ్యములోని రాణి అంతఃపురమునకు దూరమై వగచినది. రెండును ఒకే రాజ్యపు కథలు. ఆ చెరువు నేటికిని పొలములకు నీరిచ్చుచున్నది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము దానిని వారసత్వ నిర్మాణముగా గుర్తించినది.

"మిస్సమ్మ" (1955) దీనికి పూర్తిగా భిన్నమైనది. భార్యాభర్తలైన పట్టభద్రులు మాత్రమే గ్రామ పాఠశాలలో ఉపాధ్యాయులుగా కావలెనను ప్రకటన చూచి, ఉద్యోగము లేని ఇద్దరు యువజనులు దంపతులమని చెప్పి చేరుదురు. ఒకే ఇంటిలో ఉండి ఒకరికొకరు ఏమియు కాని ఆ ఇద్దరి నడుమ ప్రేమ ఎప్పుడు మొలకెత్తినదో వారికే తెలియదు. నిరుద్యోగము, మతభేదము, పల్లెటూరి పెద్దల అమాయకత్వము అన్నియు నవ్వుల నడుమ వచ్చిపోవును. పాఠశాల నడపుటలోని చిక్కులెరిగిన పంచాయతీ సభ్యులకు ఈ చిత్రము మరింత రుచించును.

"దేవదాసు"ను గూర్చి కొందరు పెద్దలకు అభ్యంతరము కలదు. అది తాగుడుకు అందము తెచ్చినదని వారి భావన. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. ఆ వేషమును అనుకరించినవారును లేకపోలేదు. అయినను కథను చివరివరకు చూచినవానికి కనిపించునది, ధైర్యము చాలని వేళ ఒక లేఖ వ్రాసి తన బ్రతుకును తానే చెరచుకొన్న జమీందారు బిడ్డ, ప్రియురాలి ఇంటి ముంగిట దిక్కులేక పడియున్న ఒక శరీరము. అందమెక్కడ? ఇక "మూగ మనసులు" (1964) గోదావరిపై పడవ నడపువాని కథ. వానచినుకుకై ఆకాశము వంక చూచు ఈ మెట్టప్రాంతములో, తెరనిండ పారు గోదావరియే సగము ఆకర్షణ యనిన తప్పుకాదు.

"మాయాబజార్" (1957)లో నౌకావిహారపు పాట అందరికి తెలిసినదే. అందులోని వెన్నెల ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ దీపముల సహాయముతో కల్పించినది. 2010లో ఈ చిత్రమునకు రంగులద్ది మరల విడుదల చేసిరి. శ్రమతో కూడిన పనియే. పిల్లలను ఆకర్షించుటకు అది ఉపకరించియుండును. కాని వెండిపొడి చల్లినట్లున్న ఆ నీటికి నీలిరంగు పూసిన తరువాత వెన్నెల తగ్గినదనియే నా అభిప్రాయము.

వెండి యనినది ఉపమానము మాత్రమే కాదు. నలుపు తెలుపు ఫిలిముపై బొమ్మ నిజముగా వెండి రేణువులతోనే ఏర్పడును. రంగు ఫిలిములోని వర్ణకములు కాలక్రమమున వెలసిపోవును, వెండి అంత సులభముగా వెలయదు. అయితే ఆ వెండిని మోయు ఫిలిమే చెడును. 1950 ప్రాంతమువరకు వాడిన నైట్రేటు ఫిలిము అగ్గిపుల్లవలె అంటుకొనును. దాని తరువాతి ఎసిటేటు ఫిలిము తేమ, వేడిమి సోకినచో ముడుచుకొని పుల్లని వాసన కొట్టును. మన తొలి టాకీలలో అనేకము ఈ విధముగా నశించినవి. జాతీయ చలనచిత్ర భాండాగారము పూనాలో 1964లో గాని ఏర్పడలేదు. పాత టాకీసుల గదులలో, పాత సామానులలో రీళ్ళ డబ్బాలు కనిపించినచో వాటిని పాత ఇనుముతో పాటు అమ్మక, నిప్పునకు దూరముగా ఉంచి ఆ సంస్థకు తెలియపరచుట అవసరము.

గ్రామములో నెలకొక చిత్రమును ఉచితముగా ప్రదర్శింపదలచిన పంచాయతీలకు ఒక సంగతి. మన చట్టము ప్రకారము చలనచిత్రముపై హక్కు, అది విడుదలైన మరుసటి సంవత్సరారంభము నుండి 60 సంవత్సరములు ఉండును. ఆ లెక్కన పైన చెప్పిన ప్రేమకథలన్నిటికిని ఆ గడువు తీరినది. కాని పాటల సాహిత్యమునకు, సంగీతమునకు హక్కు రచయిత మరణానంతరము 60 సంవత్సరములు నిలుచును. కృష్ణశాస్త్రిగారు 1980లో కీర్తిశేషులైనందున వారి గీతములపై హక్కు 2040 వరకు కలదు. రంగులద్దిన ప్రతి సంగతి వేరు. కావున ముందుగా తెలిసినవారిని విచారించి, వ్రాతపూర్వకముగా అనుమతి పొందుట క్షేమము.

తక్కిన ఏర్పాట్లు స్వల్పమైనవే. పాఠశాల ఆవరణ, ముడుతలు లేని తెల్లని తెర, మాట స్పష్టముగా వినవచ్చు మైకు, వృద్ధులకు ముందు వరుసలో కుర్చీలు. పాటలు మాత్రమే వేసి కథను మధ్యలో కత్తిరింపరాదు. వీధి దీపములు ఆర్పుటకు ముందుగా చెప్పి ఉంచవలెను. పున్నమికి దగ్గరి రాత్రులలో ఆరుబయట తెర వెలవెలబోవును గనుక, అమావాస్యకు ముందు వెనుకల రోజును నిర్ణయించుకొనుట మేలు.