అంగడి మీది దీపము, ఎదుటింటి కిటికీ

సొంత సొమ్ముతో అంగడి తెరచిన వర్తకుడు దాని నెత్తిన తన పేరును వెలిగించుకొనుటకు మరియొకరి అనుమతి పొందవలెనన్నచో మనలో పలువురకు వింతగా తోచును. మన యూళ్లలో కొత్త కొట్టు తెరచునాడు కొబ్బరికాయ కొట్టుటతోపాటు బోర్డు చుట్టును రంగు దీపముల తోరణము కట్టుట పరిపాటి. అమెరికా పట్టణములందు మాత్రము ఆ స్విచ్చి వేయుటకు ముందు దరఖాస్తు, కొలతలతో కూడిన పటము, రుసుము, ఒక్కొక్కచో బహిరంగ విచారణ కూడ నుండును. అచట వ్యాపారము చేయుచున్న తెలుగువారికి ఈ తంతు కొత్త కాదు. దాని వెనుకనున్న తర్కమేమో న్యూయార్కు నగరము నుదాహరణముగా గైకొని విచారింతము.

జోనింగు అనగా పట్టణ పటముపై గీతలు గీచి, ఏ భాగమున ఇండ్లు, ఏ భాగమున అంగళ్లు, ఏ భాగమున కర్మాగారములు ఉండవచ్చునో నిర్ణయించు చట్టము. న్యూయార్కులో ఇది 1916లో పుట్టినది. అంతకు ముందటి యేడు మన్‌హాటన్ దక్షిణ భాగమున ఈక్విటబుల్ భవనము 38 అంతస్తులతో నిట్టనిలువుగా లేచి, చుట్టుపట్ల వీధులను పట్టపగలే నీడలో ముంచెను. ఒకని కట్టడము పదిమంది వెలుతురును హరింపరాదను తలంపు దానితో మరింత బలపడినది. ఎండను లోనికి రానిచ్చుటకై పుట్టిన చట్టమే కాలక్రమమున దీపకాంతిని వెలుపల నిలుపుటకు కూడ పనికివచ్చినది. 1961లో దానిని పూర్తిగా తిరుగవ్రాసిరి. ఈ మధ్యకాలమున నియాను దీపములు వ్యాపించినవి. 1898లో లండనులో రామ్సే, ట్రావర్సు అను శాస్త్రజ్ఞులు కనుగొనిన వాయువును 1910లో జార్జి క్లోడు పారిసులో గాజుగొట్టములందు వెలిగించి చూపిన సంగతి పాఠకులలో కొందరెరుగుదురు.

ఇండ్ల నడుమనుండు చిల్లర అంగళ్ల వీధులకు ఆ నగరము విధించిన కొలత యిట్లున్నది. అంగడి ముఖము వీధివైపు ఎన్ని అడుగులున్నదో దానికి మూడు రెట్లు చదరపు అడుగుల బోర్డు పెట్టవచ్చును. అయితే దీపములేని బోర్డుకు గరిష్ఠపరిమితి 150 చదరపు అడుగులు కాగా, వెలుగు బోర్డుకు 50 మాత్రమే. మినుకుమినుకుమని ఆరి వెలుగు దీపములకు తావే లేదు. 30 అడుగుల ముఖముగల కిరాణా కొట్టు రంగు వేసిన బోర్డును 90 చదరపు అడుగుల వరకు పెట్టుకొనవచ్చును. లోపల దీపమున్నచో 50తో తృప్తిపడవలెను. భేదమునకు కారణము తెలియనిది కాదు. రంగు బోర్డు చీకటి పడగానే కన్ను మూయును. వెలుగు బోర్డు తాను నిద్రింపదు, మేడమీది వారిని నిద్రింపనీయదు. అంగళ్లమీదనే కాపురములుండుట అచట సామాన్యము.

అదే నగరమున టైమ్సు స్క్వేరునకు వచ్చుసరికి చట్టము తలక్రిందులగును. అచట కొత్తగా లేచు కార్యాలయ సౌధముల నడుమ పూర్వపు దీపములారిపోవునేమోయని 1980 తరువాత పౌరులు కలతచెందిరి. 1984లో మునిసిపల్ ఆర్టు సొసైటీ ప్రేరణతో ఒక రాత్రి బోర్డులను కొంతసేపు ఆర్పి, అవి లేనినాడు ఆ కూడలి ఎట్లుండునో చూపిరి. 1987లో నగరము, అచట కొత్త భవనము కట్టువారు వెలుగు బోర్డులు పెట్టియే తీరవలెనని శాసించెను. ఎంత వెలుగు చాలునో కొలుచుటకు 'లట్సు' అను ప్రత్యేక ప్రమాణమునే కల్పించిరి. ఒక పేటలో అణచినదానినే మరియొక పేటలో బలవంతపెట్టు ఈ చట్టమునకు, దీపము ఎవరి కిటికీ కెదుట నున్నదనునదే ముఖ్యప్రశ్న.

ఇక అనుమతి సంగతి. 6 చదరపు అడుగులు మించిన బోర్డుకు నగర భవనశాఖవారి అనుమతి కావలెను. వారు స్థలనియమముతోపాటు భద్రతను కూడ చూతురు. గాలివానకు ఊడి బాటసారి తలపై పడరాదు. తడిసిన తీగెలనుండి నిప్పు పుట్టరాదు. కావున లైసెన్సు గలవారే బోర్డు నెత్తి బిగింపవలెను, లైసెన్సుగల ఎలక్ట్రీషియనే తీగెలు కలుపవలెను. కొలతకు లోబడినచో పేచీ లేదు. లోబడనిచో 'వేరియన్సు' అను మినహాయింపు కోరి ప్రత్యేక బోర్డు ఎదుట నిలువవలెను. పేటసంఘము తన అభిప్రాయము చెప్పును. ఇరుగుపొరుగువారు వచ్చి ఆక్షేపింపవచ్చును. ప్రక్క కొట్టువాని బోర్డు పెద్దది, నాకు బేరము తగ్గినది యనుట చాలదు. చిక్కు ఆ స్థలమునకే ప్రత్యేకమైనదై యుండవలెను. అది తాను తెచ్చిపెట్టుకొన్నది కారాదు. పేట స్వభావము మారరాదు. వకీలు ఫీజు, ఇంజనీరు ఫీజు లెక్కవేసికొన్నచో, చిన్న కొట్టువాడు ఈ మెట్లెక్కుటకన్న బోర్డును తగ్గించుకొనుటయే మేలని తోచును.

ఇంతవరకు సబబుగానే యున్నది. బాధ అమలులో నున్నది. అధికారులు తమంతట వీధివీధి తిరిగి చూచుటకన్న, ఫిర్యాదు వచ్చినచోటికి వెళ్లి చూచుటయే వాడుక. 311 అను నంబరునకు ఫోను చేసి పేరు చెప్పకయే ఫిర్యాదు చేయవచ్చును. 2018 ప్రాంతమున బోర్డులపై ఇట్టి ఫిర్యాదులు కుప్పలుగా వచ్చెను. జరిమానాలు 6,000 డాలర్లనుండి ఆరంభమయ్యెను. వెలుగు బోర్డులకే గాక, అంగడి ముందు చాపిన గుడ్డపందిరి మీది అక్షరములకును నోటీసులు వచ్చినవి. పేరు, చిరునామా గాక టెలిఫోను నంబరు వ్రాసినను తప్పే యయ్యెను. బ్రూక్లిను మొదలగు చోట్ల భయపడిన వర్తకులు నోటీసు రాకమునుపే బోర్డులు పీకివేసిరి. లోపల రొట్టెలున్నవో మందులున్నవో బయటివారికి తెలియని అంగళ్లు మిగిలినవి. కడకు 2019లో నగరసభ అట్టి జరిమానాలను రెండేండ్లు నిలుపుచేయుచు శాసనము చేసెను.

ఎదుటివారి నిద్రను కాపాడు నియమమును మేము తప్పుపట్టము. అయితే నియమమెరిగియుండవలసినవాడు బోర్డు తయారుచేసి బిగించి సొమ్ము తీసికొనిపోయినవాడు. జరిమానా మాత్రము కొన్నవానిపై బడును. పూర్వపు అద్దెదారు వదలిపోయిన బోర్డుకు నేటి అద్దెదారు జవాబు చెప్పవలసివచ్చుట మరింత కష్టము. ఫిర్యాదు చేసినవాడు నిజముగా నిద్రపట్టని పొరుగువాడో, పోటీ వర్తకుడో తెలియు దారియు లేదు. మొదటి తప్పునకు హెచ్చరిక యిచ్చి, సరిచేసికొనుటకు గడువిచ్చినచో ఇన్ని బోర్డులు దిగియుండెడివి కావని మా తలంపు.

చదరపు అడుగుల లెక్క నియాను కాలపుది. నేటి ఎల్.ఇ.డి. తెర చిన్నదైనను పగటివలె కాయగలదు. కావున అనేక పట్టణములు వైశాల్యముతోపాటు వెలుగును కూడ కొలువసాగినవి. ఒక ప్రమాణపు కొవ్వొత్తి అడుగు దూరమున ప్రసరించు వెలుగును ఒక ఫుట్-క్యాండిలందురు. 100 చదరపు అడుగుల తెరయైనచో 100 అడుగుల దూరమున మీటరు పట్టుకొని నిలిచి, తెర నార్పి ఒకసారి, వెలిగించి ఒకసారి చూతురు. రెంటికిని తేడా 0.3 ఫుట్-క్యాండిలు మించరాదని బోర్డుల తయారీదారుల సంఘమే సూచించినది. పరీక్షకు పట్టునది కొద్ది నిమిషములే గాని, మీటరు పట్టు అధికారి చీకటిపడిన పిదప రావలెను. కచేరీ వేళల వచ్చిన లాభము లేదు.