పెన్‌డ్రైవ్‌లో వచ్చిన చుట్టం

పటాన్‌చెరు కంపెనీలో ఇంటర్వ్యూకి బయల్దేరిన కుర్రాడు ముందుగా ఆగేది పోతిరెడ్డిపల్లి చౌరస్తాలోని జిరాక్సు షాపులో. బయోడేటా పెన్‌డ్రైవ్‌లో ఉంది. షాపాయన దాన్ని సీపీయూకి గుచ్చుతాడు. తెర మీద పసుపుపచ్చ ఫోల్డరు, దాని ఎడమ మూలన ఇసుమంత వంకర బాణం. ఇదేందన్నా అని కుర్రాడు అడిగితే, "ఏం కాదు తమ్మీ, గిసొంటివి రోజూ చూస్త" అంటూ రెండుసార్లు నొక్కేస్తాడు.

ఆ బాణం దగ్గరే ఉంది కిటుకంతా. అసలు ఫోల్డరును దాచేసి, అదే పేరుతో షార్ట్‌కట్‌ను నిలబెట్టింది వైరస్. నొక్కితే ఫోల్డరు తెరుచుకుంటుంది, బయోడేటా కనిపిస్తుంది. అందుకే వెనకాల వైరస్ కూడా నడుస్తోందన్న అనుమానమే రాదు. ఆ తర్వాత ఆ కంప్యూటర్‌కి పెట్టిన పెన్‌డ్రైవులన్నీ దాన్ని అంటించుకునే ఇళ్లకు వెళ్తాయి.

2017 ఫిబ్రవరిలో కేంద్రం మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఇలాంటివాటిని ఏరేసే సాధనాలను ఉచితంగానే ఇస్తోంది. పెన్‌డ్రైవులను కట్టడి చేసే సీడాక్ వారి 'యూఎస్‌బీ ప్రతిరోధ్' వాటిలో ఒకటి. చౌరస్తాలో ఈ పేరు విన్నవాళ్లు అరుదు.

అదే ఏడాది మే 12న విరుచుకుపడ్డ వానాక్రైకి పెన్‌డ్రైవ్ కూడా అక్కర్లేకపోయింది. విండోస్‌లోని ఓ లోపాన్ని పట్టుకుని నెట్‌వర్కు మీదుగా 150కి పైగా దేశాలకు పాకింది. ఫైళ్లకు తాళం వేసి 300 డాలర్ల బిట్‌కాయిన్ అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు స్టేషన్ల కంప్యూటర్లకూ, తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లకూ ఆ సెగ తగిలింది. విచిత్రమేమిటంటే, ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చేసింది. 'తర్వాత చూద్దాం' అనుకున్నవాళ్లే ఎక్కువగా దొరికిపోయారు.

బొల్లారంలో ప్లాంట్లున్న డాక్టర్ రెడ్డీస్‌కూ 2020 అక్టోబర్ 22న సైబర్ దాడి తప్పలేదు. స్పుత్నిక్-వి టీకా ప్రయోగాలకు అనుమతి వచ్చి అప్పటికి వారం కూడా కాలేదు. డేటా సెంటర్ సేవలన్నిటినీ విడదీసి కంపెనీ తట్టుకుంది. అంత పెద్ద సంస్థకు ఐటీ విభాగం ఉంటుంది. షాపాయనకు?

ఆయనకు ఉన్నది క్రాక్ చేసిన విండోస్. దాన్ని ఎక్కించేటప్పుడే 'యాంటీవైరస్ ఆపేయండి' అని సూచన వస్తుంది. దొంగే వచ్చి కుక్కను కట్టేయమన్నట్టు! అసలు విండోస్ 10, 11లతో డిఫెండర్ ఉచితంగానే వస్తుంది, ఇంటి కంప్యూటర్‌కి చాలావరకు అది చాలు. కాకపోతే విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

షాపులో అసలు ఆస్తి కంప్యూటర్ కాదు, అందులోని పెళ్లి ఆల్బమ్‌లు, చిన్న వ్యాపారుల ట్యాలీ లెక్కలు. వాటి నకలు ఉన్న హార్డ్‌డిస్కును సిస్టమ్‌కే తగిలించి ఉంచితే, వానాక్రై లాంటిది వచ్చినప్పుడు తాళం రెండింటికీ పడుతుంది. కాపీ అవగానే కేబుల్ పీకి గల్లాపెట్టెలో పడేయాలి.

ఈలోగా ప్రింటు వచ్చింది. కుర్రాడు డబ్బులిచ్చి, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని పటాన్‌చెరు బస్సెక్కాడు. అక్కడ హెచ్‌ఆర్ వాళ్లు సాఫ్ట్‌కాపీ అడుగుతారు.