చదివినది గుర్తుండాలంటే...

పరీక్షలు దగ్గరపడే కొలదీ వైద్యుల వద్దకు తల్లిదండ్రుల రాక పెరుగుతుంది. జ్ఞాపకశక్తికి లేహ్యమో, సిరప్పో వ్రాసి ఇమ్మని అడుగుతారు. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న ఒక కుర్రవానిని అతని తల్లి ఒక జనవరి మాసంలో నా వద్దకు తీసుకొనివచ్చినది. "చదివినది ఒక్కటీ నిలవడం లేదండీ" అని ఆమె బాధ. విచారించగా రాత్రి ఒంటిగంట వరకు చదువు, తెల్లవారుజామున నాలుగున్నరకు మేల్కొలుపు, నడుమ నిద్ర ఆపుకొనుటకు మూడుసార్లు టీ. "ఎలా చదువుతావు నాయనా?" అని అడిగితే, "చదివినదే మళ్ళీ మళ్ళీ చూస్తానండీ" అన్నాడు. లోపం అతని మేధస్సులో లేదు, ఈ అలవాట్లలోనే ఉన్నది.

చదువు ఎట్లా సాగవలెనో మన వైద్యగ్రంథాలే చెప్పినవి. చరక సంహిత విమానస్థానం ఎనిమిదవ అధ్యాయంలో శాస్త్రజ్ఞానానికి మూడు ఉపాయాలు కనిపిస్తాయి: అధ్యయనం, అధ్యాపనం, తద్విద్యసంభాష. అనగా తాను చదువుట, ఇతరులకు చెప్పుట, ఆ విద్య తెలిసినవారితో చర్చించుట. నేటి ఇండ్లలో మొదటిది మాత్రమే మిగిలినది. అదే గ్రంథం శారీరస్థానంలో స్మృతికి ఎనిమిది కారణాలను పేర్కొన్నది. పోలిక, వ్యత్యాసం, మనస్సు లగ్నమగుట, అభ్యాసం, తిరిగి వినుట వాటిలోనివి. ఒక పాఠాన్ని దానిని పోలిన పాఠంతోను, దానికి విరుద్ధమైన దానితోను కలిపి చదివిన విద్యార్థికి ఒకటి తలచుకొంటే రెండవది దానంతట అదే స్ఫురిస్తుంది.

ఆధునిక పరిశోధన కూడా ఇదే దారిలో నడిచినది. 1885లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షరాలను కంఠస్థం చేసి, తననే పరీక్షించుకొని, మరపు తొలి గంటలలోనే అతి వేగంగా జరుగుతుందని చూపాడు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు విద్యార్థులపై ఒక ప్రయోగం జరిపారు. పాఠాన్ని పదే పదే చదివినవారు అయిదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తరువాత పెట్టిన పరీక్షలో మాత్రం, పుస్తకం మూసి గుర్తున్నది వ్రాసినవారే ముందున్నారు. పదే పదే చదివినప్పుడు పుట పరిచయమైనట్లు తోస్తుంది. ఆ పరిచయాన్నే విద్యార్థి జ్ఞానమని భ్రమిస్తాడు. పరీక్ష హాలులో పుట ఎదుట ఉండదు గదా!

కనుక ఆ కుర్రవానికి ఇట్లు చెప్పాను. ఒక పాఠం శ్రద్ధగా ఒకసారి చదివి పుస్తకం మూయవలెను. తెల్లకాగితం మీద గుర్తున్నదంతా వ్రాయవలెను. పిమ్మట పుస్తకం తెరచి, విడిచినవాటిని ఎర్ర సిరాతో చేర్చవలెను. మరునాడు, మూడవ నాడు, వారానికి ఒకసారి ఇదే పని. మొదట విసుగు పుట్టును, చాలా తక్కువ గుర్తున్నదని దిగులూ కలుగును. ఆ శ్రమయే పాఠాన్ని నిలుపుతుంది. సాయంత్రం చెల్లెలికో, తల్లికో ఒక అంశం వివరించవలెను. వినేవారికి ఆ విషయం తెలియకపోవుటే మేలు, అడ్డుప్రశ్నలు వేస్తారు.

ఇక నిద్ర. ఆహారంతోపాటు నిద్రను కూడా శరీరాన్ని నిలిపే మూడు ఉపస్తంభాలలో ఒకటిగా చరకుడు చెప్పాడు. రాత్రి జాగరణ రూక్షగుణాన్ని పెంచుతుంది; దానివలన వాతం ప్రకోపించి మనస్సు నిలకడ తప్పుతుంది. పగలు నేర్చినది మెదడులో స్థిరపడేది నిద్రలోనే అని నేటి శాస్త్రం చెబుతున్నది. పదమూడు మొదలు పద్దెనిమిదేండ్ల వయస్సు వారికి ఎనిమిది నుండి పది గంటల నిద్ర అవసరం. బ్రాహ్మీముహూర్తంలో లేచి చదువుట ఉత్తమమే, కాని ఒంటిగంటకు పడుకొన్న పిల్లవానిని నాలుగున్నరకు లేపుట ఏ శాస్త్రమూ చెప్పలేదు. పగటినిద్ర సాధారణంగా నిషిద్ధమైనా, అధ్యయనంతో అలసినవారికి చరకుడే మినహాయింపు ఇచ్చాడు. మధ్యాహ్నం ఇరవై నిమిషాల కునుకునకు తల్లులు కోపగించుకొనరాదు.

టీ, కాఫీలలోని కెఫీన్ అయిదారు గంటల తరువాత కూడా సగం రక్తంలోనే ఉంటుంది. సాయంత్రం నాలుగు దాటిన తరువాత అవి వద్దు. రాత్రి భోజనంలో పెరుగు బదులు పలుచని మజ్జిగ మేలు. పడుకొనే ముందు గోరువెచ్చని గేదెపాలు ఒక గ్లాసు త్రాగి, అరికాళ్ళకు నువ్వులనూనె మర్దన చేసుకొంటే నిద్ర త్వరగా పడుతుంది.

ఇంత చెప్పినా ఆ తల్లి ముఖంలో తృప్తి కనిపించలేదు. మందు వ్రాయని వైద్యుని ఎవరు నమ్ముతారు? మండూకపర్ణి, యష్టిమధుకం, తిప్పతీగ, శంఖపుష్పి అను నాలుగింటిని చరకుడు మేధ్య రసాయనాలుగా చెప్పిన మాట నిజమే. అయితే రసాయనాలు ఓపికగా వాడవలసినవి. బ్రాహ్మిపై జరిగిన ఆధునిక పరీక్షలలోను పన్నెండు వారాలపాటు ఇచ్చి చూశారు. పరీక్షకు పది రోజుల ముందు కొన్న సీసా వలన ఒరిగేది తక్కువ. పైగా మండూకపర్ణి, బ్రాహ్మి రెండు వేర్వేరు మొక్కలైనా రెండింటినీ సరస్వతి ఆకు అనే పేరుతో అమ్ముట కద్దు. వైద్యుని అడగకుండా కొనరాదు. చదువుతోపాటు నీరసం, తల తిరుగుట, చూపు మసక కూడా ఉంటే ముందుగా రక్తపరీక్ష, నేత్రపరీక్ష చేయించవలెను.

పదిహేను రోజుల తరువాత ఆ కుర్రవాడు కాగితాల కట్టతో వచ్చాడు. భౌతికశాస్త్రంలో ఎర్ర సిరా ఇంకా చాలానే ఉన్నది. రసాయనశాస్త్రంలో సగానికి సగం తగ్గినది. నిద్ర ఏడు గంటలకు చేరినది. సాయంత్రపు టీ ఒకటి మాత్రం మానలేకపోయానని ఒప్పుకొన్నాడు.