చిరాకు ఎందుకొస్తుంది? ఎలా తగ్గుతుంది?

సిద్దిపేట బస్టాండు. పరుగెత్తుకొచ్చిన కుర్రాడి కళ్లముందే ఎక్కాల్సిన బస్సు గేటు దాటేసింది. గుండె దడదడ, చెవులు వేడి, సంచిని నేలకేసి కొట్టాలన్నంత కోపం! ఎందుకిలా?

మెదడులో బాదంగింజంత అమిగ్డాలా అనే భాగం ఉంటుంది. చిక్కొస్తే ముందు స్పందించేది అదే. వెంటనే మూత్రపిండాలపైనున్న గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోను వదులుతాయి. గుండె దడదడ అందుకే. మంచిచెడ్డలు ఆలోచించే భాగం నుదుటి వెనక ఉంటుంది. అది పూర్తిగా ఎదగడానికి దాదాపు 25 ఏళ్లు పడుతుంది. పిల్లలకు త్వరగా కోపం రావడానికి అదొక కారణం.

మరి అదుపు ఎలా?

ఊపిరి నెమ్మదిగా వదిలితే వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ‘నాకు చిరాకుగా ఉంది’ అని పైకి చెప్పుకున్నా మేలే. అమెరికాలో శాస్త్రవేత్త మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఫొటోల్లోని ముఖాల భావాలను మాటల్లో గుర్తించినప్పుడు అమిగ్డాలా జోరు తగ్గింది.

నడక కూడా మనసును తేలికపరుస్తుంది. ఈసారి చిరాకేస్తే సిద్దిపేట కోమటి చెరువు కట్ట మీద కాసేపు నడిచి చూడండి.