కింద వర్తకులు, పైన బ్యాంకు: వాల్ స్ట్రీట్‌లో ఓ పాత భవనం

న్యూయార్క్ వాల్ స్ట్రీట్‌లో 55వ నంబరు భవనం ముందు నిలబడితే రెండు వరుసల స్తంభాలు కనిపిస్తాయి. కింద పన్నెండు, పైన పన్నెండు. అన్నీ ఒకేసారి కట్టినట్టు ఉంటాయి గానీ, రెండు వరుసలకూ మధ్య దాదాపు 70 ఏళ్ల తేడా. కింది వరుస వర్తకులది, పైది బ్యాంకుది.

1835 డిసెంబరులో జరిగిన పెద్ద అగ్నిప్రమాదంలో వందల భవనాలతో పాటు వర్తకుల ఎక్స్ఛేంజ్ కూడా కాలిపోయింది. ధరలు మాట్లాడుకోవడానికి, బేరాలు కుదుర్చుకోవడానికి వ్యాపారులు కలిసే చోటు అది. మన గంజ్ లాంటిదే అనుకోండి, కాకపోతే బస్తాలు ఉండవు. 1836-42 మధ్య ఆర్కిటెక్ట్ ఇసయ్య రోజర్స్ దాన్ని గ్రానైట్‌తో మళ్లీ కట్టాడు. ఒక్కో స్తంభం ఒకే రాయి. మసాచుసెట్స్‌లోని క్విన్సీ క్వారీల నుంచి తెప్పించారు. స్తంభాల తలపై పొట్టేలు కొమ్ముల్లా మెలిక తిరిగిన చుట్టలుంటాయి. ఇది గ్రీకుల అయోనిక్ పద్ధతి.

1860లలో ఇది కస్టమ్స్ ఆఫీసైంది. 1899లో నేషనల్ సిటీ బ్యాంక్ దీన్ని ప్రభుత్వం నుంచి కొంది. ఆ సొమ్ము అదే బ్యాంకులో ఉన్న ప్రభుత్వ ఖాతాలో జమైంది. కస్టమ్స్ ఆఫీసు 1907 దాకా అక్కడే అద్దెకుంది. అంటే అమ్మినవాడే కిరాయిదారు, అమ్మిన సొమ్ము కొన్నవాడి దగ్గరే! అప్పట్లో దీనిపై పెద్ద రగడే జరిగింది.

కూల్చి కొత్తది కట్టుకునే స్తోమత బ్యాంకుకు ఉంది. అయినా మెక్‌కిమ్, మీడ్ అండ్ వైట్ సంస్థ 1910 నాటికి పాత గోడలను అలాగే ఉంచి, వాటిపైనే కొత్త అంతస్తులు లేపింది. పై స్తంభాలకు ఆకులు చెక్కిన కొరింథియన్ తలలు పెట్టింది. లోపల మాత్రం పాత గదులన్నీ తీసేసి, గోపురం కప్పుతో విశాలమైన బ్యాంకింగ్ హాల్ కట్టింది.

ఇంత రాయి ఎందుకు? అమెరికాలో దేశవ్యాప్త డిపాజిట్ బీమా చట్టం వచ్చింది 1933లోనే. అంతకుముందు ఖాతాదారుడికి కంటికి కనిపించే భరోసా భవనమే. అది ఎంతవరకు పనికొచ్చిందో 1907 అక్టోబరులో తేలింది. జనం డబ్బు కోసం ఎగబడటంతో నికర్‌బాకర్ ట్రస్ట్ చెల్లింపులు ఆపేసింది. ఫిఫ్త్ అవెన్యూలో దాని భవనానికీ ఎత్తైన కొరింథియన్ స్తంభాలే, కట్టిందీ ఇదే మెక్‌కిమ్ సంస్థ. స్తంభాలకేమీ కాలేదు, కౌంటర్లే మూతపడ్డాయి.

మన దేశంలో ఇప్పుడు ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటర్‌కు వడ్డీతో కలిపి 5 లక్షల రూపాయల దాకా బీమా ఉంది. బ్రాంచి అద్దాల గదిలో ఉన్నా, పాత కోఠీలో ఉన్నా లెక్క అదే.

నేషనల్ సిటీ బ్యాంకే తర్వాత సిటీబ్యాంక్ అయింది. ఇండియాలో దాని కార్డులు, సేవింగ్స్ ఖాతాలు 2023లో యాక్సిస్ బ్యాంకుకు వెళ్లాయి. వాల్ స్ట్రీట్ భవనం నుంచి హెడ్డాఫీసు 1961లోనే మారిపోయింది. ఆ హాల్‌కు 1999లో వారసత్వ రక్షణ దొరికింది. ఇప్పుడు పై అంతస్తుల్లో ఫ్లాట్లున్నాయి. బ్యాంకింగ్ హాల్‌ను మన ఫంక్షన్ హాళ్లలాగే పెళ్లిళ్లకు, దావత్‌లకు అద్దెకిస్తున్నారు.