స్కీ వీక్ ఖర్చు దసరాకే తేలిపోతుంది

ఫిబ్రవరి దగ్గరపడుతోందంటే చాలు, బే ఏరియా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట తిరుగుతుంది: "పాసులు సీజనంతా వెళ్ళేవాళ్ళకండీ. రెండు రోజుల ముచ్చటకి మనకెందుకు? అక్కడే కౌంటర్లో టికెట్లు తీసుకుందాం. కాస్త ఆగితే రేటు కూడా తగ్గుతుంది." ఈ మాట నమ్మిన కుటుంబాలు ప్రెసిడెంట్స్ డే వారంలో లేక్ టాహో కొండల కింద దొరికిపోతున్నాయి. పిల్లలకి బూట్లు బిగించడం అయిపోయింది, నాలుగైదు గంటలు డ్రైవ్ చేసి వచ్చారు, ఇక వెనక్కి ఎలా వెళ్తారు? ఎంత అడిగితే అంతకి కార్డు ఇచ్చేస్తున్నారు. ఏటా ఇదే జరుగుతోంది. అందుకే ఈసారి ముందే, గట్టిగా చెప్పాలనిపించింది.

అపోహ: రెండు రోజులకి పాస్ దండగ, కౌంటరే మేలు

పూర్తిగా తప్పు. అమెరికాలో పెద్ద స్కీ రిసార్టుల్లో చాలా భాగం రెండు పాసుల కిందికి వస్తాయి: వెయిల్ రిసార్ట్స్ వాళ్ళ ఎపిక్, ఆల్టెరా వాళ్ళ ఐకాన్. ఆ కంపెనీలకి మంచు పడకముందే డబ్బు చేతికి రావాలి. మంచు సరిగ్గా పడకపోతే ఆ నష్టం తమ మీద పడకూడదన్నది వాళ్ళ లెక్క. అందుకే ముందు కొన్నవాళ్ళకి తగ్గిస్తారు, ఆ రోజే వచ్చినవాళ్ళ దగ్గర దండుకుంటారు. 2021లో వెయిల్ కంపెనీ పాసుల ధరను ఒక్కసారిగా 20 శాతం తగ్గించింది. కౌంటర్ ధర మాత్రం పెరుగుతూనే పోయింది. కొలరాడోలోని వెయిల్‌లో 2024–25 సీజన్ రద్దీ రోజుల్లో పెద్దవాళ్ళ ఒకరోజు టికెట్ 329 డాలర్లకు చేరింది. అంటే భార్యాభర్తలిద్దరికీ రెండు రోజులకి 1,316 డాలర్లు. పిల్లల టికెట్లు, స్కీల అద్దె, క్లాసులు, గది, తిండి ఇంకా లెక్కలోకే రాలేదు.

రెండు రోజులు వెళ్ళేవాళ్ళ కోసమే వేరే పాసులున్నాయి. ఎపిక్ డే పాస్ ఒక రోజు నుంచి ఏడు రోజుల వరకు ఎన్ని కావాలంటే అన్ని రోజులకి దొరుకుతుంది. ఐకాన్‌లో సెషన్ పాస్ ఉంది, రెండు, మూడు లేదా నాలుగు రోజులకి. పెద్ద రిసార్టుల్లో ఇవి చాలాసార్లు కౌంటర్ ధరలో సగానికే వస్తాయి. అమ్మకం వసంతంలో మొదలవుతుంది, నెలలు గడిచేకొద్దీ రేటు పెరుగుతుంది, డిసెంబర్‌లో అమ్మడం ఆపేస్తారు. ఆ తర్వాత మీరెంత వెతికినా దొరకవు.

"ఆగితే తగ్గుతుంది" అనేది ఖాళీ సీట్లు మిగిలే చోట పనిచేసే సూత్రం. సెలవుల వారంలో కొండ ఖాళీగా ఉండదు. సంక్రాంతి ముందురోజు హైదరాబాద్ నుంచి ఊరికి ప్రైవేటు బస్సు టికెట్ చవగ్గా దొరుకుతుందని ఎవరైనా చెబితే మనం నమ్ముతామా? ఇదీ అంతే.

అపోహ: పాస్ కొనేశాం, ఇక ఎప్పుడైనా వెళ్ళొచ్చు

మొదటి అపోహ నుంచి బయటపడ్డవాళ్ళు ఇందులో పడుతున్నారు. చవకరకం పాసులకి నిషేధ తేదీలుంటాయి: క్రిస్మస్ తర్వాతి వారం, మార్టిన్ లూథర్ కింగ్ డే వారాంతం, ప్రెసిడెంట్స్ డే వారాంతం. సరిగ్గా బడి సెలవులే. ఎపిక్ డే పాస్ కొనేటప్పుడు సెలవు రోజులు కలిపి కావాలా, వద్దా అని వెబ్‌సైట్ అడుగుతుంది. వద్దంటే చవక. ఆ ప్రశ్న చదవకుండా దాటేసినవాళ్ళు శనివారం పొద్దున లిఫ్ట్ గేటు దగ్గర ఆగిపోతారు.

బే ఏరియాలో చాలా స్కూల్ డిస్ట్రిక్టులు ప్రెసిడెంట్స్ డే వారమంతా సెలవిస్తాయి, స్కీ వీక్ అంటే అదే. నిషేధం మాత్రం ఎక్కువగా శని, ఆదివారాలకే. కాబట్టి మంగళవారం బయల్దేరండి. చవక పాసే సరిపోతుంది, హోటల్ రేటూ దిగుతుంది, లిఫ్ట్ లైనూ తగ్గుతుంది. తేదీలు ఏటా మారతాయి, కొనేముందు ఆ సంవత్సరం జాబితా చూసుకోండి. కొండ ఏదో కూడా ముందే తేల్చుకోండి: హెవెన్లీ, నార్త్‌స్టార్, కర్క్‌వుడ్ ఎపిక్ కిందవి, పాలిసేడ్స్ టాహో ఐకాన్ కిందది. మీరొకటి, మీ స్నేహితులొకటి కొంటే ఒకే కేబిన్‌లో ఉండి వేర్వేరు కొండలకి పోవాల్సి వస్తుంది.

అపోహ: బడి మానిపించి వెళ్తే చవక

దీన్ని మాత్రం కాదనలేను. జనవరిలో సెలవుల్లేని వారం, మంగళ బుధవారాల్లో వెళ్తే అన్నీ చవకే. కానీ కాలిఫోర్నియాలో ఒకే విద్యా సంవత్సరంలో సరైన కారణం లేకుండా మూడు రోజులు మానితే పిల్లల్ని ట్రూయెంట్ (బడి ఎగ్గొట్టేవాళ్ళు) కింద లెక్కేస్తారు. పైగా అక్కడ బడులకి నిధులు హాజరును బట్టే వస్తాయి. చవకే అయినా మంచి పని కాదు. దాని బదులు మీ డిస్ట్రిక్టుకి మాత్రమే సెలవుండి పక్క డిస్ట్రిక్టుకి లేని రోజుల్ని క్యాలెండర్లో వెతకండి.

అపోహ: ఆల్ వీల్ డ్రైవ్ ఉంటే చైన్లు అక్కర్లేదు

టాహోకి వెళ్ళే ఐ–80 హైవే మీద ఆర్–2 అనే చైన్ల నిబంధన ప్రకటించినప్పుడు నాలుగు టైర్లూ స్నో టైర్లయితేనే ఆల్ వీల్ డ్రైవ్ కారుకి చైన్లు వేయనక్కర్లేదు. అప్పుడు కూడా చైన్లు కారులో ఉండి తీరాలి. రోడ్డు పక్కన పసుపు జాకెట్లతో నిలబడేవాళ్ళు చైన్లు బిగించి డబ్బు తీసుకుంటారు గానీ అమ్మకూడదు. లేనివాళ్ళు వెనక్కి తిరగాల్సిందే. ఊళ్ళోనే కొని, ఇంటి ముందు ఒకసారి బిగించి చూసుకోండి. చీకట్లో, బురద మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, వేళ్ళు కొంకర్లు పోతుంటే కొక్కెం ఎటువైపు రావాలో నేర్చుకోవడం మహా కష్టం. అద్దె కారైతే ఒప్పందం చదవండి, చాలా కంపెనీలు చైన్లు వేయనివ్వవు.

చిన్నాచితకా అపోహలు

జీన్స్ చాలు: చాలదు, రెండుసార్లు పడేసరికి నానిపోతుంది, లిఫ్ట్ మీద కూర్చుంటే ఒళ్ళు బిగుసుకుపోతుంది. పిల్లలకి బట్టలు కొనాల్సిందే: అక్కర్లేదు, అడిగితే స్నేహితుల ఇళ్ళలో దొరుకుతాయి. స్కీలు కొండ దగ్గరే అద్దెకి తీసుకోవాలి: ఊళ్ళోని షాపులో ముందురోజు తీసుకుంటే చాలాసార్లు చవక, లైనూ ఉండదు. మంచు లేకపోతే పాస్ డబ్బు వెనక్కిస్తారు: ఇవ్వరు. అయితే ఎపిక్ పాస్‌తో వచ్చే కవరేజీలో దెబ్బ తగిలినా, ఉద్యోగం పోయినా షరతులకి లోబడి డబ్బు వెనక్కొస్తుంది. లేఆఫుల కాలంలో ఆ షరతులు చదివి దాచుకోండి.

మరి ఏం చేయాలి?

దసరా సెలవులు మనకి అమెరికాలో ఉండవు గానీ, దసరా నాటికి నాలుగు పనులు పూర్తిచేయండి: కొండ, తేదీలు, పాస్, పిల్లల క్లాసు. స్కీ స్కూలు సీట్లు సెలవుల వారంలో ముందే అయిపోతాయి. పాలిసేడ్స్‌లో రద్దీ వారాంతాల్లో పార్కింగ్ కూడా ముందే బుక్ చేసుకోవాలి. పెన్సిల్వేనియాలో 4, 5 తరగతుల పిల్లలకి, యూటాలో 4, 5, 6 తరగతుల పిల్లలకి చాలా తక్కువకే లిఫ్ట్ టికెట్లిచ్చే పథకాలున్నాయి. మీ రాష్ట్రంలో ఏముందో చూడండి, సెలవు రోజుల్లో చెల్లుతుందో లేదో కనుక్కోండి.

మొదటిసారి వెళ్తున్నారా? అయితే పెద్ద కొండ టికెట్టే కొనకండి. రోజంతా మీరుండేది కింద, పిల్లలు నేర్చుకునే ఆ చిన్న వాలు మీదే. పై వాలులన్నిటికీ డబ్బు కట్టడం ఎందుకు? టాహో వైపు బోరియల్, సోడా స్ప్రింగ్స్ లాంటి చిన్న కొండల్లో కొత్తవాళ్ళకి క్లాసు, స్కీలు, లిఫ్ట్ కలిపి ఇచ్చే ప్యాకేజీ ఉందేమో అడగండి. డిసెంబర్ దాటిపోయిందా, చేతిలో పాస్ లేదా? ఈ ఏడాదికి పెద్ద కొండ మానేయండి. పర్మిట్ తీసుకుని స్నో పార్కులో స్లెడ్ల మీద ఆడించండి. నాలుగేళ్ళ పిల్లకి కావలసింది మంచు. వెయ్యి డాలర్ల టికెట్లు కొనలేదని ఆ పిల్ల ఎన్నడూ అడగదు.